దెబ్బ తగిలిన వీధికుక్కను కాపాడాలంటే: ఎత్తుకునే ముందు, ఎత్తుకున్న తర్వాత

రోడ్డు పక్కన కుక్క పడి ఉంది. వెనక కాలు వంకరగా వేలాడుతోంది. లేవబోతుంది, కూలబడుతుంది, అరుస్తుంది. అలాంటప్పుడు మనలో చాలామంది పరుగెత్తుకెళ్ళి దాని మీద చెయ్యి వేస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. నా బొటనవేలి మొదట్లో రెండు లోతైన పళ్ళ గాట్లు పడ్డాయి, ఇంజెక్షన్ల కోర్సు మొదలైంది. ఆ కుక్కేమో భయపడి, విరిగిన కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి తూము కింద దూరింది. దాన్ని బయటకు తీసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అంటే దాని నొప్పికి నా తొందర ఇంకో రోజు కలిపింది.

దాని పేరు తర్వాత కర్రి అని పెట్టాం. ఈ కింద రాసేదాంట్లో సగం దానివల్ల నేర్చుకున్నది, మిగతా సగం దానికి వైద్యం చేసిన డాక్టర్ల దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది.

ముందు రెండు నిమిషాలు దూరం నుంచి చూడండి

మొదట మీ సంగతి చూసుకోండి. బండి పక్కకు తీసి హెచ్చరిక లైట్లు వేయండి. వచ్చే వాహనాలకు చెయ్యి ఊపడానికి ఒక మనిషిని నిలబెట్టండి. కుక్క కోసం రోడ్డు మధ్యలో వంగిన మనిషి వెనక వచ్చే డ్రైవరుకు కనబడడు.

తర్వాత ఐదారు అడుగుల దూరంలో ఆగి చూడండి. ఊపిరి ఎలా తీస్తోంది? నోరు తెరిచి, మెడ చాచి, పొట్ట ఎగరేస్తూ తీస్తుంటే ఛాతీకి దెబ్బ తగిలి ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. నెత్తురు కారుతోందా, చిమ్ముతోందా? ముందు కాళ్ళతో పాకుతూ వెనక భాగాన్ని ఈడుస్తోందా? అలా అయితే వెన్నెముక సంగతి గుర్తుంచుకోవాలి. మెడలో పట్టీ ఉందా? ఫోనులో పది సెకన్ల వీడియో తీయండి. భయపడిన కుక్క డాక్టరు బల్ల మీద బిగుసుకుపోతుంది, నడక ఎలా ఉందో ఆయనకు కనబడదు. ఆ వీడియోలో కనబడుతుంది.

ఆడకుక్క అయితే పొదుగు కూడా చూడండి. చనుమొనలు సాగి, పాలతో ఉబ్బి ఉంటే దగ్గర్లో ఎక్కడో పిల్లలున్నాయి. తల్లిని మాత్రమే ఎత్తుకెళ్తే అవి రాత్రంతా చలికి, ఆకలికి వదిలేసినట్టే. చుట్టుపక్కల షెడ్లు, ఇసుక గుట్టలు, ఆగిన లారీల కింద వెతకమని ఒకరికి చెప్పండి. పిల్లలు దొరికి చల్లబడి ఉంటే ముందు వాటిని వెచ్చగా చేయండి, పాలు తర్వాత. ఒళ్ళు చల్లబడ్డ కూనకు పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

రేబీస్ మాట

ఇది చదివి భయపడి వెనక్కి తగ్గమని కాదు, కానీ దీన్ని తేలిగ్గా తీసుకునే వాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. మనుషులకు వచ్చే రేబీస్ కేసుల్లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడడం దాదాపు ఉండదు. మొదలవకముందు మాత్రం టీకాతో ఆపేయొచ్చు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేసినప్పటి నుంచి మనకు ఆ అవకాశం ఉంది.

పిచ్చికుక్క అనగానే నురగలు కక్కుతూ మీద పడే కుక్కే గుర్తొస్తుంది. ఇంకో రకం ఉంది, అది ఇంకా ప్రమాదకరం. కుక్క స్తబ్ధుగా కూర్చుని ఉంటుంది, కింది దవడ జారిపోయి ఉంటుంది, చొంగ కారుతుంటుంది, మింగలేకపోతుంది. చూసినవాళ్ళు గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెడతారు. అది దవడ కండరాలు చచ్చుబడిన రేబీస్ కావచ్చు. అరుపు బొంగురుపోవడం, గాలిని కొరకడం, కారణం లేకుండా కర్రనో రాయినో పట్టుకుని నమలడం, తూలుతూ నడవడం కూడా అనుమానించాల్సిన గుర్తులే. నీళ్ళు చూసి భయపడడం మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్క నీళ్ళు తాగింది కాబట్టి రేబీస్ లేదు అనుకోవద్దు. ఇలాంటి కుక్క కనిపిస్తే ముట్టుకోకుండా, జనాన్ని దూరం పెట్టి, కుక్కలను పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్ళను పిలవండి.

పన్ను దిగినా, గీరుకున్నా, మీ చేతి మీది పుండుకు దాని చొంగ తగిలినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే మనకు పదిహేను నిమిషాలు అనిపించేది నిజానికి మూడు నిమిషాలే ఉంటుంది. అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళి టీకా మొదలుపెట్టండి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు వైరస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) గురించి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి కూడా అడగండి. కరిచిన నాటి నుంచి పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే కరిచిన సమయానికి దాని చొంగలో వైరస్ లేనట్టే. అయితే ఆ పది రోజులు చూశాక టీకా వేయించుకుందాం అని ఆగకూడదు. ఈ పని తరచూ చేసేవాళ్ళు ముందుజాగ్రత్త టీకా వేయించుకుంటే మంచిది. అలా వేయించుకున్నవాళ్ళకు తర్వాత కుక్క కరిచినా బూస్టర్లతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు.

పట్టుకోకముందే ఫోన్లు చేయండి

నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ఇప్పుడు తెరిచి ఉన్న పశువైద్యుడు ఎవరు? ఎక్స్‌రే ఉందా? బండి ఏది? ఈ రాత్రి కుక్క ఎక్కడ ఉంటుంది? చాలామంది నాలుగోదాన్ని మరిచిపోతారు. ఆస్పత్రిలో కట్టు కట్టించాక, రాత్రి తొమ్మిదింటికి, మత్తులో ఉన్న కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఎవరింటికి తీసుకెళ్ళాలా అని వెతుక్కోవడం చాలా ఇబ్బంది. జవాబు లేకపోతే అప్పుడే జంతు సంరక్షణ సంస్థకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా కుక్కకు కాపలా ఉండండి. కాపలా ఉండడం కూడా సాయమే.

దగ్గరకు వెళ్ళడం, మూతికట్టు

ఎదురుగా నిటారుగా నడిచి వెళ్ళకండి. పక్కకు తిరిగి, వంపుగా, నెమ్మదిగా వెళ్ళి కొంచెం దూరంలో కూర్చోండి. కళ్ళలోకి చూడకండి. చిన్న గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఏం మాట్లాడినా ఫర్వాలేదు, నేనైతే ఆ రోజు చేయాల్సిన పనులు వరుసగా చెప్పుకుపోతాను. తోక ఊపుతోంది కదా అని ధీమా పడొద్దు. తోక ఊపడం స్నేహమే అని లేదు, ఆందోళనలో కూడా ఊపుతుంది. కంటి తెల్లగుడ్డు వారగా కనబడడం, మూతి పదేపదే నాక్కోవడం, ఒళ్ళు బిగదీసుకోవడం, పెదవి పైకి లేవడం కనిపిస్తే ఇంకో నిమిషం ఆగాలి.

దుప్పటి మీ మొదటి పనిముట్టు. మందపాటిది తీసుకుని రెండు చేతులా పరిచి పట్టుకుని, వెనక వైపు నుంచి తలా భుజాలూ కప్పేలా వేయండి. కళ్ళకు చీకటి కమ్మగానే చాలా కుక్కలు సద్దుమణుగుతాయి.

ఇప్పుడు మూతికి కట్టు. మీ దగ్గర చిక్కం లేకపోతే గాజుగుడ్డ చుట్టో, చున్నీయో, మీటరు పొడవు గుడ్డ పట్టీయో సరిపోతుంది. ముందుగా గాలిలోనే వదులుగా ఒక ముడి వేసి, మూతికి రెండింతలు వెడల్పున్న ఉచ్చు చేసుకోండి. పక్క నుంచి దాన్ని మూతి మీదుగా, ముక్కుకు కళ్ళకు మధ్య దాకా తొడిగి, ముడి పైన ఉండేలా లాగండి. రెండు కొసల్నీ కిందికి తెచ్చి గడ్డం కింద ఒక ముడి వేయండి. ఆ కొసల్నే చెవుల వెనక్కి తీసుకెళ్ళి మెడ మీద, ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయండి. ఈ చివరి ముడి లేకపోతే కుక్క ముందు కాలితో ఒక్క గీకు గీకి మొత్తం లాగేస్తుంది. వేలంత సందు ఉండాలి, ముక్కు రంధ్రాలు మూసుకోకూడదు.

వాంతి చేసుకుంటున్న, ఊపిరాడక అవస్థ పడుతున్న, స్పృహ లేని, దవడకు దెబ్బ తగిలిన కుక్కలకు, చప్పిడి ముక్కు జాతి కుక్కలకు మూతి కట్టకూడదు. కుక్క నాలుక బయటపెట్టి ఒగర్చడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకుంటుంది కాబట్టి, ఎండలో ఎక్కువసేపు కట్టి ఉంచకూడదు కూడా.

అక్కడే చేయాల్సిన కొద్దిపాటి ప్రథమ చికిత్స

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమిపట్టండి. ఐదు నిమిషాలు గుడ్డ ఎత్తి చూడకండి. ఎత్తిన ప్రతిసారీ గడ్డకడుతున్న నెత్తురు చెదిరిపోతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేయండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు, కదలకుండా చుట్టూ గుడ్డ దోపి అలాగే తీసుకెళ్ళండి. విరిగిన కాలిని సరిచేయాలని చూడొద్దు, కర్ర ముక్క కట్టొద్దు. తప్పుగా కట్టిన కర్ర ఎముక కొనను కండలోకి, నరంలోకి దింపుతుంది.

మూతి కట్టని కుక్క అయితే, కొరకదన్న నమ్మకం ఉంటేనే, పెదవి కాస్త పైకెత్తి చిగుళ్ళు చూడండి. లేత గులాబి రంగు ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే నెత్తురు బాగా పోయిందని, లేదా షాక్‌లో ఉందని. నీలంగా ఉంటే ప్రాణవాయువు అందడం లేదని. వేలితో చిగురు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. ఇవన్నీ ఫోనులో డాక్టరుకు చెబితే ఆయన అక్కడ సెలైన్, ఆక్సిజన్ సిద్ధం చేసుకుంటారు.

ఇంక చేయకూడనివి. నోట్లో నీళ్ళు పోయొద్దు, తిండి పెట్టొద్దు. స్పృహ సరిగా లేని కుక్కకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు. మనం తలనొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు చెడగొడుతుంది. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయొద్దు. “మా ఇంట్లో కుక్కకు వేశాం, ఏం కాలేదు” అనేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. వినండి, వేయకండి.

ఎత్తేటప్పుడు వెన్ను వంగకూడదు. చెక్క పలకో, గట్టి అట్టపెట్టె విప్పిన ముక్కో, నలుగురు నాలుగు కొసలు పట్టుకున్న దుప్పటో వాడండి. కుక్కను ఎత్తి పెట్టకుండా, భుజాల దగ్గరా తుంటి దగ్గరా ఒకేసారి పట్టి పలక మీదికి జరపండి. విరిగిన కాలు పైకి ఉండాలి. బండిలో ఒకరు పక్కన కూర్చోవాలి, పాట పెట్టొద్దు, కిటికీ పూర్తిగా దించొద్దు.

డాక్టరు దగ్గర

కాలు విరిగింది కళ్ళకు కనబడుతుంది కాబట్టి అందరి ధ్యాసా దాని మీదే ఉంటుంది. ప్రాణం తీసేవి కనబడనివి. వాహనం కొట్టిన కుక్కలో మూత్రాశయం పగిలి ఉండొచ్చు, పొట్టనూ ఛాతీనీ వేరుచేసే పొర చిరిగి పేగులు పైకి పోయి ఉండొచ్చు, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరుతూ ఉండొచ్చు. వీటిలో కొన్ని గంటల తర్వాత గానీ బయటపడవు. అందుకే ఛాతీకి, పొట్టకు ఎక్స్‌రే తీస్తారా అని అడగండి. ఒకటి రెండు రోజులు అక్కడే పరిశీలనలో ఉంచమంటే ఉంచండి. ఇంటికి తెచ్చుకుంటే మూత్రం పోసిందా లేదా అన్నది రాసిపెట్టండి. పన్నెండు గంటలు దాటినా పోయకపోతే ఫోన్ చేయండి.

వెనక కాళ్ళు చచ్చుబడిన కుక్కలో డాక్టర్ కాలివేలిని పరికరంతో గట్టిగా నొక్కి చూస్తారు. కాలు వెనక్కి లాక్కుంటే చాలదు, అది వెన్నుపాము తనంతట తాను చేసే పనే కావచ్చు. కుక్క తల తిప్పి చూసిందా, మూలిగిందా అన్నది ముఖ్యం. ఆ లోతైన నొప్పి తెలుస్తుంటే కోలుకునే ఆశ బాగా ఉంటుంది. వెన్నెముక విరిగి అది కూడా తెలియకపోతే నడక తిరిగి రావడం చాలా అరుదు. ఆ మాట సూటిగా అడిగి తెలుసుకోండి.

ఒక కాలు తీసేయాలంటే గుండె జారిపోతుంది. కుక్కలకు మాత్రం అది మనం అనుకున్నంత కష్టం కాదు. చాలావరకు మూడు కాళ్ళతో పరుగెత్తడం కొద్ది వారాల్లోనే నేర్చుకుంటాయి. బాగుపడే దారి లేని నొప్పిలో ఉన్న కుక్క విషయంలో డాక్టర్ దయామరణం మాట ఎత్తితే, అది మీ ఓటమి అనుకోకండి. ఆ సమయానికి దాని తల మీద చెయ్యి వేసి పక్కన కూర్చోగలిగితే కూర్చోండి.

ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. మర్మాంగం దగ్గర నెత్తురు చుక్కలు పడుతున్న వీధికుక్కకు ఎవరో కొట్టారని తీసుకొస్తారు. అది చాలాసార్లు దెబ్బ కాదు, జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే ఒక రకం కణితి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ విన్‌క్రిస్టిన్ అనే కేన్సర్ మందును వారానికో ఇంజెక్షన్‌గా ఇస్తే, కొన్ని వారాల్లో, చాలా కుక్కల్లో పూర్తిగా తగ్గుతుంది.

ఇంట్లో మొదటి రెండు వారాలు

మీ ఇంట్లో వేరే కుక్కలుంటే కొత్తదాన్ని కనీసం పద్నాలుగు రోజులు విడిగా ఉంచండి. పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు బయటపడడానికి రోజులు పడుతుంది. గిన్నె, పక్క, చెప్పులు వేరు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు. ఒక పాలు బ్లీచ్‌కు ముప్పై పాళ్ళ నీళ్ళు కలిపి తుడిస్తే చస్తుంది. గజ్జి ఉన్న కుక్కను ముట్టుకుంటే మీకూ కొన్నాళ్ళు దురద రావచ్చు, గ్లౌజులు వేసుకోండి.

గది చిన్నదిగా, మసక వెలుతురుతో ఉండాలి. నున్నటి టైల్స్ మీద విరిగిన కాలు జారితే మళ్ళీ మొదటికొస్తుంది, అందుకని రబ్బరు చాపలు పరచండి. పెద్ద పెట్టె ఒకటి పక్కకు పడుకోబెట్టి లోపల దుప్పటి వేయండి. దూరడానికి చోటు దొరికిన కుక్క త్వరగా కుదుటపడుతుంది. స్నానం మోజు ఇప్పుడు వద్దు, గాయాలు మానాక చూద్దాం.

తిండి విషయంలో జాలి చాలా ప్రమాదం. ఎముకలు తేలేలా ఎండిపోయిన కుక్కకు తొలి రోజే కడుపు నిండా పెడితే ఒంట్లో ఫాస్ఫరస్ లాంటి లవణాలు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. పది కిలోల కుక్కకు కదలకుండా పడుకున్నా రోజుకు దాదాపు 400 కిలోక్యాలరీలు కావాలి. బాగా చిక్కిపోయినదానికి మొదటి రెండు మూడు రోజులు అందులో నాలుగో వంతే, అదీ నాలుగు విడతలుగా పెట్టి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకెళ్ళండి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం అరుగుతాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ విషం. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

గాయం కడగడానికి సెలైన్ చాలు. లేకపోతే అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండు లోపల పోస్తే కొత్తగా పుడుతున్న కండ కూడా చస్తుంది. కుక్క నాకితే పుండు మానుతుందన్నది అబద్ధం, మెడకు కోన్ (నాక్కోకుండా తల చుట్టూ అడ్డుండే గరాటు లాంటిది) వేయండి. మొదటి రోజు గోడలకు గుద్దుకుంటుంది, మీ పిక్కలకు గుద్దుకుంటుంది, అలిగి మూలన నిలబడుతుంది. తీయకండి.

పుండుకు పురుగులు పట్టి ఉంటే వాసన ముందే చెబుతుంది. ఈగ గుడ్డు పెట్టిన ఒక్క రోజులోపే పురుగులవుతాయి. పెట్రోలు, కిరోసిను, ఫినైలు పోసే అలవాటు ఇంకా ఉంది. అవి పురుగునే కాదు, చర్మాన్నీ కాలుస్తాయి, ఒంట్లోకి ఇంకి కుక్కకు విషమవుతాయి. పుండు చుట్టూ బొచ్చు కత్తిరించి, సెలైన్‌తో కడిగి, పటకారుతో ఒక్కొక్కటీ ఏరాలి. ఏరినవన్నీ అయిపోయాయనుకుని టార్చి వేసి చూస్తే లోపల గోడకు ఇంకో వరుస కదులుతూ ఉంటుంది. లోతు పుండ్లలో ఇది మత్తు ఇచ్చి డాక్టర్ చేయాల్సిన పని. పురుగులు చావడానికి మాత్ర కూడా ఆయనే ఇస్తారు. పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సొంతంగా పొడవొద్దు, కొన్ని జాతుల కుక్కలకు అది మెదడును దెబ్బతీస్తుంది.

కాలికి కట్టు ఉంటే రోజుకు రెండుసార్లు దాని కొసన బయటకు కనబడే వేళ్ళు చూడండి. మధ్య రెండు వేళ్ళ గోళ్ళు మామూలుగా దగ్గర దగ్గరగా ఉంటాయి. అవి ఎడంగా విచ్చుకుంటే లోపల వాపు, కట్టు బిగుసుకుంటోంది. వేళ్ళు చల్లబడినా, కట్టు తడిసినా, వాసన వచ్చినా, నిన్నటిదాకా ఊరుకున్న కుక్క ఇవాళ కట్టును కొరుకుతున్నా అదే రోజు విప్పించాలి. కర్రికి మూడో రోజు రాత్రి పదింటికి గోళ్ళు విచ్చుకున్నాయి. పొద్దున చూద్దాంలే అనుకుని ఉంటే కాలు పోయేదని విప్పిన డాక్టరు అన్నారు.

నడుము చచ్చుబడిన కుక్కకు చాలాసార్లు మూత్రం తనంతట తాను రాదు. పొట్ట నొక్కి రోజుకు మూడు నాలుగు సార్లు తీయాలి. ఆ నొక్కు డాక్టరు మీ చెయ్యి పట్టుకుని నేర్పితేనే వస్తుంది, వీడియో చూసి చేయొద్దు. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి ఎముక మీద చర్మం ఊడి పుండ్లు పడతాయి.

జ్వరం చూడడం నేర్చుకోండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరం అనిపించేది దానికి మామూలే. ముక్కు పొడిగా ఉందా తడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. నిద్రలో ఊపిరి నిమిషానికి 10 నుంచి 30 మధ్య ఉండాలి.

భయం పోవడానికి మందు ఉండదు

ఎముక అతకడం ఒక లెక్క ప్రకారం జరుగుతుంది. పెద్ద కుక్కకు రెండు మూడు నెలలు, కూనకు నెల, నెలన్నర. భయానికి అలాంటి లెక్క లేదు. మొదటి మూడు రోజులు దాన్ని గదిలో వదిలేయండి. మందు, తిండి, శుభ్రం తప్ప ముట్టుకోకండి. చూడ్డానికి వచ్చిన చుట్టాలను, పిల్లలను తలుపు దగ్గరే ఆపండి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే మాట అంటూ గిన్నె పెట్టాలి. పెట్టి, గోడకు ఆనుకుని పక్కకు తిరిగి కూర్చుని పుస్తకం చదువుకోండి. అది తినేది మీ ముందా, మీరు వెళ్ళాకా అన్నదే మీ కొలత.

కర్రి పదకొండు రోజులు నేను గదిలో ఉండగా ముద్ద ముట్టలేదు. పన్నెండో రోజు పుస్తకం పేజీ తిప్పుతుంటే మోచేతికి తడిగా ఏదో తగిలింది. ముక్కు. చూడలేదు, కదల్లేదు, అదే పేజీ ఇంకో పావుగంట చదివాను. అలాంటప్పుడు తల మీద చెయ్యి వేయాలనిపిస్తుంది. వేయకండి. తర్వాతెప్పుడో అది ఆనుకున్నప్పుడు గడ్డం కిందో, ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి ఆపండి. మళ్ళీ దగ్గరకొస్తే ఇంకో మూడు సెకన్లు.

గురగుర అన్నందుకు కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ గుర్రుమనడం దాని హెచ్చరిక. అది మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది.

ఆ తర్వాత ఎక్కడికి?

ఇది మొదటి వారంలోనే ఆలోచించాలి, ఎందుకంటే మూడో నెలలో మీరు న్యాయంగా ఆలోచించలేరు. కోలుకోగానే నట్టల మందు, రేబీస్ టీకా, మిగతా జబ్బుల కలిపి టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇవి అయ్యాకే ఏ నిర్ణయమైనా.

మూడు కాళ్ళదీ, చూపు పోయినదీ, కూనగా వచ్చి మీ దగ్గరే పెరిగినదీ వీధిలో నెగ్గలేవు, వాటికి ఇల్లు వెతకాలి. దత్తత అడిగినవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి చూడండి. “మా పిల్లలకు ఆడుకోవడానికి” అనేవాళ్ళకన్నా “ఇది రాత్రి ఎక్కడ పడుకుంటుంది, మందులు ఏం వేయాలి” అని అడిగేవాళ్ళు మేలు. కుక్క భయాలు, కరిచిన చరిత్ర దాచకుండా చెప్పండి. దాస్తే నెలలో తిరిగొస్తుంది.

గట్టిపడి, నాలుగు కాళ్ళ మీద పరుగెత్తే పెద్ద వీధికుక్కకు మాత్రం చాలాసార్లు తన వీధే ఇల్లు. దాన్ని ఎక్కడ ఎత్తుకున్నారో సరిగ్గా అక్కడే దించాలి. పచ్చగా ఉందనో, బండ్లు తక్కువనో వేరే చోట వదిలితే అక్కడి కుక్కలు తరిమి కొరుకుతాయి, పాత చోటు వెతుక్కుంటూ మళ్ళీ ఏ రోడ్డు మీదో పడుతుంది. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంటే మళ్ళీ ఎవరూ పట్టుకుపోయి పొట్ట కోయరు. తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు తీసుకెళ్ళండి. ముందురోజే అక్కడ తిండి పెట్టేవాళ్ళెవరో కనుక్కుని వాళ్ళకు చెప్పండి. దించి వెంటనే వచ్చేయకుండా అరగంట ఉండండి, మూడో రోజు, పదో రోజు వెళ్ళి చూడండి.

కర్రిని దించిన మూడో రోజు వెళ్ళాను. పాత కుక్కల గుంపు మధ్యలోంచి లేచి వచ్చి, నా చెయ్యి వాసన చూసి, తోక రెండుసార్లు ఊపింది. కారు తలుపు తీసి రమ్మన్నాను. తల వంచి ఒకసారి లోపలికి చూసింది. తర్వాత వెనక టైరు దగ్గరికి నడిచి, రెండున్నర నెలలు కట్టులో ఉన్న ఆ కాలే ఎత్తి, తీరిగ్గా టైరు మీద పోసి వెళ్ళిపోయింది.